దుకాణం మెట్లెక్కని కంప్యూటర్లు

మొన్న పేపర్లో ఏ కంపెనీ కంప్యూటర్లు ఎక్కువ అమ్ముడయ్యాయో తెలిపే పట్టిక చూసి, ఎవరిని అడిగి రాశారో ఈ లెక్క అని గొణుక్కుంటే మా ఆవిడ నవ్వింది. ఈ అనుమానపు జబ్బు నాకు తొంభైల మొదట్లో, కరీంనగర్‌లో పట్టుకుంది.

అక్కడ మా అక్క భర్త కంప్యూటర్ల దుకాణం పెట్టి నన్ను అందులో కూర్చోబెట్టాడు. ఊళ్లో అలాంటివి రెండే. ఏడాదికోసారి సర్వే మనిషి వచ్చి, రెండు చోట్లా చాయ్ తాగి, అమ్మకాలు రాసుకుపోయేవాడు. ఒక ఏడు మా అమ్మకాలు తగ్గాయి, ఎదుటివాళ్లవి ఇంకా తగ్గాయి. దాంతో సర్వేవాళ్ల అచ్చు కాగితంలో జిల్లా వాటాలో మేం అమ్మే కంపెనీయే మొదటిదైంది. అంత గిరాకీ ఉంటే దుకాణం ఎందుకు ఖాళీగా ఉందని బావను అనుమానపు పురుగు తొలిచింది. నేనే వరంగల్ నుంచి కంప్యూటర్ పెట్టెలు తెప్పించి చాటుగా అమ్ముకుంటున్నానని నమ్మాడు. అక్క కూడా అన్నం వడ్డిస్తూ నా ముఖం చూడటం మానేసింది. ఆ అవమానం ఇంతా అంతా కాదు.

ఆ రోజుల్లో దుమ్ము పడకుండా కంప్యూటర్‌కు గుడ్డ కవరు కుట్టించేవాళ్లం. మా దర్జీ ఓ రోజు, “మీ రెండు దుకాణాలయి గిన్నే సార్. చొప్పదండి, హుస్నాబాదోళ్లు వేరే కొలతలు తెచ్చి మస్తుగ కుట్టించుకపోతుండ్రు” అన్నాడు. బావే ఇతనితో నన్ను పరీక్షిస్తున్నాడేమోనని మొదట అతన్నీ అనుమానించాను. అయినా చొప్పదండి రైస్‌మిల్లుకు పోయి చూద్దును గదా, మేమెన్నడూ అమ్మని కంపెనీ పెట్టె! “దుకాణమెందుకు తమ్మీ? కంపెనోళ్లకే ఉత్తరం రాసిన, లారీల పంపిండ్రు” అన్నాడు మిల్లు యజమాని. దుకాణాల్లోనే అడిగే సర్వే మనిషికి ఆ పెట్టెలు ఎలా కనిపిస్తాయి?

పరుగున వచ్చి చెబితే బావ కాగితం ముందుకు తోశాడు. “అచ్చుల వచ్చింది అబద్ధమైతదా, దర్జీ చెప్పింది నిజమైతదా?” ఆ మాటతో నేను దుకాణం మానేసి బయటికొచ్చేశాను. రెండేళ్లకు దుకాణం మూతపడింది.

తర్వాత హుస్నాబాద్ చేనేత సంఘంలో కంపెనీ నేరుగా పంపిన అలాంటి పెట్టెనే బావ కళ్లారా చూశాడట. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, వానల గురించి మాట్లాడి, చాయ్ తాగి లేచాడు. ఇప్పుడు సరుకంతా నేరుగా గుమ్మంలోకే వస్తోంది, నడుమ ఎవరినీ అనుమానించే పని లేదు. ఆ రోజు మాత్రం బావ చెప్పులు తొడుక్కుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. నా మనసు విరిగి ఉంది, కూర్చోమనలేదు. ఇప్పుడు ఆ మాట అందామంటే బావ లేడు.