బండ్లు లేని జామ్

రోడ్డు వెడల్పయితే మనుషులు కూడా మర్యాదగా ఉంటారని నమ్మిన వయసు ఒకటుంది నాకు. మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్ పక్కన ఎక్స్‌ప్రెస్‌వే అప్పుడే తెరిచారు. దాని మీదికి బండ్లు ఎక్కి దిగే ఇంటర్‌ఛేంజ్ దగ్గరి సెన్సర్లు చూసుకునే ఉద్యోగం నాది, ఇంకా పర్మనెంట్ కాలేదు. స్తంభాల మీది ఆ పెట్టెలు బండ్లలోని సెల్‌ఫోన్ల సిగ్నళ్ళను పట్టేవి. ఫోన్లు కదలకుండా ఒకేచోట పోగైతే ట్రాఫిక్ జామ్ అయినట్టు లెక్క. ఒక ఆదివారం సాయంత్రం జామ్ అని నా తెర ఎర్రబడింది. బెంగుళూరులో కూర్చునే మా పై అధికారి ఏసీ సార్‌కు (పేరు నేను పెట్టిందే, ఆయన ఆ చల్లని గది దాటడం ఎవరూ చూడలేదు) ఫోన్ చేశాను.

"టోల్ వాళ్ళు రోడ్డు ఖాళీ అంటున్నారు. మీ కేజీఎఫ్ వాళ్ళకు భూమి కింద తెలిసినంత పైన తెలీదప్పా. ఇదీ తప్పయితే రేపట్నుంచి రావద్దు," అన్నారు. ఈ మాట నాకు పొల్లుపోకుండా గుర్తుంది. (ఆయనకు లేదట. అడిగి కనుక్కున్నాను.)

జామ్‌ను ఫొటో తీసి పంపాలని బైకు మీద వెళ్ళాను. ర్యాంపు మీద లారీ లేదు, కారు లేదు. స్తంభం కింద, కోరమండల్ పేటలో ఉండే మా మేనత్త, ఆమె చుట్టూ మా చుట్టాలందరూ, చేతికొక ఫోనుతో. పక్కన రెండు ఆటోలు. చర్చిలో అత్త కూతురి నిశ్చితార్థం ముగించుకుని కొత్త రోడ్డు మీద ఫొటోలకు వచ్చారట.

"యాడ పోయినావప్పా? రా, ఈ పక్క ఒకడు తక్కువుండాడు," అంది అత్త.

"నాకు చెప్పనే లేదే అత్తా."

"ఎప్పుడు చూసినా డ్యూటీ అంటావు. ఇంగ వచ్చినావు కదా, నిలబడు."

ఉద్యోగం పోయే వేళ నిలబడటం కుదరదు. "మామా, ఆ ఆటోలు రెండూ రోడ్డుకు అడ్డం పెట్టు. నాకు జామ్ కావల్ల," అన్నాను అత్త భర్తతో.

"పెండ్లికూతురు కూర్చునే ఆటోప్పా. అట్లా పని నేను చెయ్యను."

చివరికి ఆ గుంపునే ఫొటో తీసి పంపాను. "జామ్ ఉంది సార్. బండ్లు లేవు."

"ఎవరు వీళ్ళు?"

"మావాళ్ళే సార్. నన్ను పిలవలేదు."

సెన్సర్ తప్పు కాదని తేలి ఉద్యోగం నిలిచింది. ఆదివారాలు అక్కడ ఫొటోలకు చేరే జనాన్ని పంపించే పని కూడా, ఆ సాయంత్రం మావాళ్ళతోనే మొదలుపెట్టి, నాకే అంటగట్టారు.

ఆ సాయంత్రం వాళ్ళ ఫొటోగ్రాఫర్ తీసినదొకటి అత్త ఆల్బమ్‌లో ఉంది. కదలండని చెయ్యి ఊపుతున్న నేను, అందరినీ రమ్మంటున్నట్టు పడ్డాను. చూసినవాళ్ళు, "వీళ్ళందరినీ పిలిచింది నువ్వేనా?" అంటారు. కాదని చాలా ఏళ్ళు వాదించాను. ఈ మధ్యే అవునంటున్నాను.