ఆఖరి పాలపొడి పీపా అయ్యాక రమ్మన్నారు

మా చిన్నతనంలో తుఫాను వెలిశాక... బడి అరుగు మీద గంగాళంలో పాలపొడి కలుపుతుంటే, పిల్లలమంతా సత్తుగిన్నెలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. ఆ పాలకి తడిసిన కాగితం వాసన. అయినా గిన్నె అడుగు నాకేవాళ్ళం.

కలిపేది మిషను ఆసుపత్రి నర్సు దీనమ్మ గారు. మనిషి సన్నం, గొంతు మాత్రం బడి గంట.

మాది బౌద్ధుల ఇల్లు. ఆశ్చర్యపోకండి, డెల్టా పల్లెల్లో కూడా అక్కడక్కడా ఉండేవాళ్ళం. మా నాన్న బళ్ళో మేష్టారు. ఊరు మమ్మల్ని తన పొలిమేర బయటే ఉంచితే, మా దారి మేమే ఎంచుకుంటామని బౌద్ధం తీసుకున్నాడు. రోజూ పొద్దున్నే బుద్ధుడి పటం ముందు కూర్చోబెట్టి పంచశీల చెప్పించేవాడు. అబద్ధం ఆడనని అక్కడ చెప్పి, బడికి వెళ్ళగానే కడుపునొప్పి అనేదాన్ని.

ఆ తుఫాను నీళ్ళలో మా తమ్ముడు పోయాడు. దాని గురించి ఇంతకంటే రాయను.

అమ్మ మాట్లాడటం మానేసింది. చుట్టాలు వచ్చి కర్మ అన్నారు. నాన్న అంతా అనిత్యం అన్నాడు... పాపం, ఆయనకి తెలిసిన ఓదార్పు అదే. దీనమ్మ గారు మాత్రం ఏమీ అనలేదు. పని అయ్యాక వచ్చి, అమ్మ తల దువ్వి, జడ వేసి, కాసేపు పక్కన కూర్చుని వెళ్ళేవారు. ఒక సాయంత్రం అమ్మే నోరు తెరిచింది.

"మీ దేవుడు ఏమంటాడక్కా దీనికి?"

"ఇప్పుడేమీ అనడు. గంజి తాగు."

ఆ మాటకి అమ్మ ఏడ్చింది. తమ్ముడు పోయాక అదే మొదటిసారి.

తర్వాత రోజుల్లో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఒకరోజు అమ్మ నాన్నతో, "ఆ దేవుడికి కూడా కొడుకు పోయాడటండీ," అంది. అంతే. దాని మీద నాన్న తర్కం ఏదీ పనిచేయలేదు.

బాప్తిస్మం ఇప్పించమని అమ్మ వెళ్ళి అడిగింది. దీనమ్మ గారు సంబరపడిపోతారనుకున్నాను.

"ఇప్పుడు కాదు చెల్లీ. ఊరంతా మా పాలు తాగుతోంది. ఈ పీపాలు ఉన్నన్నాళ్ళు నీ మనసు నీకే సరిగ్గా తెలీదు, నాకసలే తెలీదు. ఆఖరి పీపా అయ్యాక రా. నేనెక్కడికీ పోను, ఆసుపత్రిలోనే ఉంటాను."

మా అమ్మ పట్టుదల మీకు తెలీదు. ఆ పూటే మా సత్తుగిన్నెలు బోర్లించేసింది. పాల కోసం దేవుణ్ణి పట్టుకుందని ఎవరూ అనకూడదట. ఆవిడ నమ్మకానికి మా కడుపులు పూచీ. చెల్లెలు ఆకలికి ఏడ్చేది. నేను ఏడవకుండా అమ్మ వైపు కోపంగా చూసేదాన్ని.

నాన్న ఊరుకోలేదు. "పాల కోసం మతం మారేవాళ్ళ గురించి విన్నాను. మతం కోసం పాలు మానేసిన దాన్ని నిన్నే చూస్తున్నాను."

"మీరు మటుకు తక్కువా? మీ బౌద్ధం కోసం మీ అన్నదమ్ముల ఇంట పెళ్ళిభోజనాలే మానేశారు."

మర్నాడు నాన్న పెద్ద చెంబు పట్టుకుని, పంచె ఎగ్గట్టి, తన దగ్గర చదువుకునే పిల్లల మధ్య వరసలో నిలబడ్డాడు. రోజూ నిలబడ్డాడు. ఆ పాలు నాకూ చెల్లెలికీ.

ఊరు ఊరుకుంటుందా... మేష్టారు కిరస్తానంలో కలిశాడని కబురు పాకిపోయింది. "అంత బౌద్ధమూ చెంబుడు పాలకే కరిగిపోయిందిరా," అని మా పెదనాన్న వాకిట్లో నిలబడి మరీ అన్నాడు. నాన్న కాదనలేదు. అమ్మ మీద పడాల్సిన మాటలన్నీ ఆ చెంబులో పట్టుకొచ్చాడు.

ఆఖరి పీపా అయిపోయింది. సాయానికి వేసిన డేరాలు ఎత్తేశారు. కోతలు కూడా అయ్యాక అమ్మ ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. అప్పుడు అక్కడ ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. దీనమ్మ గారు గుమ్మంలోనే చూసి, "వచ్చావా," అన్నారట.

కాలవలో అమ్మ బాప్తిస్మం తీసుకుంటుంటే గట్టు మీద పొడిచీర పట్టుకుని నిలబడింది మా నాన్న. బౌద్ధుడిగానే నిలబడ్డాడు, బౌద్ధుడిగానే పోయాడు. ఇంట్లో పటం కదల్లేదు, దాని పక్కన శిలువ చేరింది. రెండిటి దుమ్మూ నేనే దులిపేదాన్ని.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఇక్కడ అమెరికాలో, నోవైలో మా చర్చి హాల్లో కూర్చుని సబ్బులు, దుప్పట్లు పెట్టెల్లో సర్దాను. వరదల్లో మునిగిన ఒక బౌద్ధుల దేశానికి మా పిల్లలు సాయానికి వెళ్తున్నారు. మా మనవరాలు శ్రేయ కూడా. వాళ్ళ లీడరు కుర్రాడు మంచివాడే, ఉత్సాహం కాస్త ఎక్కువ.

"ఆంటీ, ఈసారి రిలీఫ్ టెంట్ పక్కనే బాప్టిజం సెటప్ చేస్తున్నాం. లైవ్ కూడా ఇస్తాం."

"ఇప్పుడే నీళ్ళలోంచి తేలారు నాయనా. కాస్త ఆరనివ్వు."

"డోనర్స్‌కి ఏదో ఒకటి చూపించాలి కదా ఆంటీ."

ఈ వయసులో వాదించే ఓపిక లేదు. ఇంకో పెట్టెకి టేపు వేశాను.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో శ్రేయకి మా అమ్మ సంగతంతా చెప్పాను. ఎర్ర లైటు దగ్గర కారు ఆపి నా వైపు తిరిగింది.

"అమ్మమ్మా, ఎవరైనా రియల్‌గా అడిగితే? నో చెప్పాలా?"

"నో అనకు. సామాన్లు అయిపోయాక రమ్మను."

"బట్ అప్పటికి మేము ఉండం కదా అమ్మమ్మా. రిటర్న్ ఫ్లైట్ నెక్స్ట్ వీకే."

బయట మంచు పడుతోంది, వైపర్లు తిరుగుతున్నాయి.

దీనమ్మ గారు తర్వాత రమ్మనగలిగారు, ఎందుకంటే తర్వాత కూడా ఆవిడ అక్కడే ఉన్నారు. ఇప్పుడు సాయం తొందరగా చేరుతోంది, కాదనను... తిరుగు టికెట్టు కూడా దాంతోపాటే వస్తోంది.

మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా... ఏ మతం వాళ్ళైనా సరే, తెచ్చిన సాయం అయిపోయాక కూడా ఉండిపోయినవాళ్ళు? ఉంటే కింద వాళ్ళ పేరు రాయండి. అలాంటి పేర్లు నాలుగు చదువుకోవాలని ఉంది.