చేపలు పట్టి వదిలేసిన సారు

తొంభై ఒకటో, తొంభై రెండో, సరిగ్గా గుర్తులేదు. బీర్పూర్ దగ్గర గోదావరి ఒడ్డున మా ఊరు. అవతలి గట్టున అడవి, అడవిలో అన్నలు. ఇవతల పోలీసులు. మధ్యలో నీళ్ల మీద నా పడవ. మా ఆయన జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్లు. ఆడది తెడ్డు పట్టడమేమిటని మావాళ్లే నవ్వారు. ఇద్దరు పిల్లలకు తిండి పెట్టేది ఆ పడవే కాబట్టి నవ్వనిచ్చాను. పొద్దున వల వేయడం, పగలు మనుషులను దాటించడం, అదీ నా పని.

సిరిసిల్లలో మగ్గాల మిషన్లు బిగించడానికి విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన ఒక సారు మా ఊరికి వచ్చాడు. భుజాన పొడుగాటి సంచి. ఆ రోజుల్లో పొడుగాటి సంచి చూస్తే తుపాకీయేమోనని ఎవరైనా పక్కకు తప్పుకునేవాళ్లు. విప్పితే గాలం కర్ర. దాన్ని రాడ్ అంటారట, దారం చుట్టుకునే చక్రం రీలట. ఎరకు బదులు రంగు వేసిన చెక్క చేప, పొట్ట కింద మూడు కొక్కేలు. దాని పేరు లూర్.

“రోజంతా పడవ నాకే కావాలమ్మా. చేపలుండే చోటు చూపించు చాలు” అన్నాడు.

“వలేది సారూ?”

“వలెందుకు? మా సముద్రంలో ఇలాగే పడవ మాట్లాడుకుని వెళ్తాం. నడిపేవాడు చోటు చూపిస్తాడు, గాలం మనం వేసుకుంటాం. అదో సరదా.”

నీళ్ల మీద సరదా ఏముంటుందో నాకు అర్థం కాలేదు. కిరాయి వస్తుందని ఒప్పుకున్నాను.

అలాంటి ప్రయాణం ఎట్లుంటుందో తెలియనివాళ్లకు చెబుతాను. సగం పొద్దు ఏమీ జరగదు. విసరడం, చుట్టడం, మళ్లీ విసరడం. మెడ మాడిపోతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. చేప లాగినప్పుడు పడవలో లేచి నిలబడొద్దని ఎంత చెప్పినా ప్రతివాడూ లేస్తాడు. సారూ లేచాడు, పడవ ఊగింది. చేయంత వాలుగ పడింది. మీసాలున్న చేప, మా దగ్గర దానికి మంచి గిరాకీ. సారు చేతులు తడుపుకుని కొక్కెం తీశాడు. దాన్ని నీళ్లలో కాసేపు పట్టుకుని, అది తోక ఆడించగానే వదిలేశాడు.

“గదేంది సారూ, చేతికచ్చినదాన్ని గట్ల ఇడిసిపెడితిరి?”

“కాసేపు నాతో పోట్లాడింది కదమ్మా, అది చాలు.”

“మరి కూర?”

“కూరకి బజారుంది.”

అట్లా ఐదు పట్టాడు, ఐదూ వదిలాడు. సాయంత్రం ఉత్త చేతులతో ఒడ్డెక్కి వెళ్లిపోయాడు. లూర్ ఒకటి పడవలో మరిచిపోయాడు. మళ్లీ వస్తే ఇద్దామని గుడ్డలో చుట్టిపెట్టాను. ఆయన మళ్లీ రాలేదు.

మూడోరోజు జీపు వచ్చింది. పడవను గొలుసుతో కట్టేసి, తెడ్లతో పాటు నన్నూ స్టేషన్‌కు తీసుకుపోయారు. ఎస్సై కుర్చీలో కూర్చుని అడిగాడు.

“పొద్దంత ఏం జేసిండే వాడు?”

“చేపలు పట్టిండు సారూ. ఐదు.”

“ఏవీ? ఊర్లె ఎవ్వలన్న చూసిన్రా?”

“మల్ల నీళ్లల్లనే ఇడిసిండు.”

ఆయన నవ్వాడు. “కిరాయిచ్చి పట్టుడు, పట్టి ఇడుసుడు. నేను పిచ్చోని లెక్క కనబడుతున్ననా? లోతు యాడ తక్కువున్నదో, అన్నలు యాడ దాటచ్చో చూపెట్టినవ్. నిజం చెప్పు, లేకుంటే పడవ మర్చిపో.”

ఒక్కటీ పడలేదని అబద్ధం చెప్పి ఉంటే నమ్మేవాడేమో. నిజం చెప్పి ఇరుక్కున్నాను. ఆయన అడిగే కొద్దీ నాకే అనుమానం వచ్చింది. నిజంగా చేపల కోసమే వచ్చాడా ఆ సారు? నేను చూసిందేమిటి?

జీపెక్కేముందు గుడ్డతో సహా కొంగులో పెట్టుకొచ్చిన లూర్ తీసి బల్ల మీద పెట్టాను. ఎస్సై కుర్చీ వెనక్కి జరిపాడు. కానిస్టేబుల్ వంగి బాంబు వైరేమైనా ఉందా అని చూశాడు.

“గాలం సారూ గది.”

“అయితే ఏసి చూపెట్టు.”

స్టేషన్ వెనక చిన్న కుంట ఉంది. లూర్‌కు తాడు కట్టి విసిరాను. నాలుగుసార్లు ఏమీ లేదు. ఐదోసారి గట్టిగా లాగింది, వెంటనే తాడు సడలిపోయింది.

“అరె, పోయింది” అన్నాడు ఎస్సై. “ఇటు దే.”

ఆయనే విసిరాడు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఎండ నడినెత్తికి వచ్చింది. కానిస్టేబుల్ రెండుసార్లు అన్నానికి పిలిచాడు. ఎస్సై మళ్లీ విసిరాడు. చివరికి జానెడు కొర్రమట్ట పడింది. కొక్కెం తీసి చేతిలో చూసుకున్నాడు. కానిస్టేబుల్ సంచి తెరిచి పట్టుకున్నాడు. ఎస్సై ఆ సంచి వైపు చూడనే లేదు. చేపను నీళ్లలోకి జార్చాడు. ఎందుకు వదిలాడో తనకూ తెలిసినట్టు లేదు.

తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని అన్నాడు, “తెడ్లు తీస్కపో. నేనంటే చూసిన. రేపచ్చేటోడు నమ్మడు. ఆ గట్టోళ్లు అసలే నమ్మరు, వాడు మా మనిషనుకుంటరు.”

ఏదో కాగితం ముందు పెట్టారు. నాకు సంతకం వరకే వచ్చు, పెట్టాను. అందులో ఏం రాశారో నాకు తెలియదు. లూర్ మాత్రం ఎస్సై తిరిగివ్వలేదు.

ఆ సారు ఎవరో ఈ రోజుకీ తేల్చుకోలేను. కానీ ఈ పనిలో కిటుకు నేర్చుకున్నాను. మనిషి ఏం చేశాడన్నది ఒకటి, ఒడ్డున ఉన్నవాళ్లకు ఏం కనబడిందన్నది ఇంకొకటి. పడవ నిలిచేది రెండోదాని మీదే. ఇప్పుడు జగిత్యాల నుంచి కుర్రాళ్లు రాడ్లు పట్టుకుని వస్తారు. ఎక్కేముందే చెబుతాను, “ఎన్నన్న ఇడువుండ్రి బిడ్డా, ఆఖరుది ఇడువకుండ్రి.” ఆ ఒక్కదాన్ని సంచిలో పెట్టనివ్వను. చేతిలో వేలాడేసుకుని ఊరి నడుమ నుంచి పోవాలి.