గుండీల కొట్టు మీది మాట

మా మేనమామ ఓనుఫ్రి లెస్యుక్ చెర్నొవిట్జ్‌లో బోర్డులు రాసేవాడు. మా ఊళ్ళో రాజ్యం మారినప్పుడల్లా ఆయనకు చేతినిండా పని. ఆస్ట్రియా చక్రవర్తి కాలంలో జర్మన్‌లో రాసిన బోర్డుల్నే, మొదటి యుద్ధం అయ్యాక రొమేనియా వాళ్ళు వస్తే, గీకేసి వాళ్ళ భాషలో రాశాడు. "రొట్టె, మాంసం, చెప్పులు. ఈ మూడూ నాకు ఏ భాషలోనైనా వచ్చు. నాలుగో మాట అడిగితే మాత్రం నోరు పెగలదు" అనేవాడు.

పెద్ద వీధిలో గిజెలా లొబెల్ గారికి ఒక కొట్టు ఉండేది. గుండీలు, లేసులు, రిబ్బన్లు, చేతితొడుగులు అమ్మేది. యూదుల ఆవిడ. భర్త యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. కొట్టు మీద జర్మన్‌లో 'గలాంతెరీవారెన్' అని ఉండేది, ఆ సరుకుల పేరే అది. మామయ్య నిచ్చెనేసుకుని దాన్ని గీకబోతుంటే ఆవిడ బయటికొచ్చింది. ఈ ముచ్చట మామయ్యే ఎన్నోసార్లు చెప్పాడు.

"ఏవయ్యా ఓనుఫ్రీ, అంతా గీకేస్తావా ఏంటి? వెనక తోక ఒక్కటి తీసెయ్. 'గలాంతెరీ' వరకూ ఉండనీ. రొమేనియా వాళ్ళూ అదే అంటారు."

"పోలండ్ వాళ్ళదీ ఇంచుమించు అదే గదమ్మా! అసలిది ఎవరి మాట?"

"ఫ్రెంచి వాళ్ళది." గిజెలా గారు చిన్నప్పుడు బళ్ళో ఫ్రెంచి చదువుకుంది. "వాళ్ళు 'గలాం' అంటే పౌరుషమూ మర్యాదా రెండూ ఉన్న మగాడు. ఆడది ఎదురైతే టోపీ తీస్తాడు, ఆపదొస్తే కత్తి దూస్తాడు. జర్మన్ దొరలకి ఫ్రెంచి రాజుల కొలువంటే మోజు కదా, మర్యాదలతో పాటు మాటా తెచ్చుకున్నారు. వీళ్ళని చూసి పోలండ్ వాళ్ళు, ఆ తర్వాత రష్యా వాళ్ళు. అలాంటి మగాళ్ళు ఆడవాళ్ళకి లేసులూ విసనకర్రలూ కొనిపెట్టేవాళ్ళట. పోనుపోనూ మనిషి గుణం సంగతి మర్చిపోయి సరుక్కి ఆ పేరు పెట్టేశారు."

"అంటే దొరగారు పోయి గుండీలు మిగిలాయన్నమాట."

"నా మొగుడు పోయి ఈ కొట్టు మిగల్లేదూ? అలాగే" అందిట ఆవిడ. మామయ్య తోక గీకేసి దిగాడు.

ఇరవై ఏళ్ళ తర్వాత రష్యన్లు వచ్చారు. కొట్టు సర్కారుదైపోయింది. గిజెలా గారు తన బల్ల వెనకే జీతానికి నిలబడింది. మామయ్య మళ్ళీ నిచ్చెనెక్కి రష్యన్ అక్షరాల్లో 'గలాంతెరేయా' అని రాశాడు.

"మళ్ళీ అదే మాటొచ్చిందమ్మా!"

"దానికేమయ్యా, ఏ సరిహద్దులోనూ కాగితాలు అడగరు. మన్నే అడుగుతారు."

ఏడాది తిరిగేసరికి రష్యన్లు పారిపోయారు. జర్మన్ సైనికుల్ని వెంటబెట్టుకుని రొమేనియా వాళ్ళు తిరిగొచ్చారు. యూదులు రొమ్ము మీద పసుప్పచ్చ నక్షత్రం కుట్టుకోవాలన్నారు. అక్టోబరులో ఒకరోజు, యూదులందరూ సాయంత్రం ఆరింటిలోగా ఇళ్ళు వదిలి, పల్లపు వీధుల్లో కంచె కట్టిన చోటికి చేరాలని చాటింపు వేశారు. గిజెలా గారి కొట్టు ఎవరో ఆఫీసరు బావమరిదికి దక్కింది. వాడు ఆ మధ్యాహ్నమే మామయ్యను పిలిపించి బోర్డు మార్చమన్నాడు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఎదురుగా రొట్టెల వరసలో నిలబడి అంతా చూశాను. జనం మూటలు మోసుకుంటూ, తోపుడు బళ్ళు లాక్కుంటూ దిగిపోతున్నారు. వాళ్ళలో గిజెలా గారు కనిపించింది. దుప్పట్లో కట్టిన మూట ఆవిడకన్నా పెద్దదిగా ఉంది. నా వెనకెవరో "గుండీలమ్మా, తాళాలు ఎవరికిచ్చావ్?" అని అరిచారు. వరసంతా నవ్వింది. నేను నవ్వలేదు, అలాగని నోరూ విప్పలేదు.

మామయ్య నిచ్చెన దిగాడు. రంగు చేతులు లాగుకి తుడుచుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"మూట ఇటివ్వండమ్మా."

"నీకేమైనా పిచ్చా? వెళ్ళి పని చూసుకో. వాళ్ళు చూస్తున్నారు."

"చూడనీండి. ముందంతా రాళ్ళు, నా చెయ్యి పట్టుకోండి."

ఆవిడ మూట ఇచ్చేసి, ఆయన మోచేతిలో చెయ్యి వేసింది. ఇద్దరూ నడిరోడ్డు మీద నడిచారు. నేను రొట్టె వదిలేసి దూరంగా వెనకే వెళ్ళాను. కంచె గేటు దగ్గర పోలీసు ఆపాడు.

"నువ్వు యూదుడివా?"

"కాదు. బోర్డులు రాసుకునేవాణ్ణి."

"మరి ఈమె నీకేమవుతుంది?"

"మా ఊరి ఆవిడ."

పోలీసు తుపాకి మడమతో ఆయన కుడి మణికట్టు మీద రెండుసార్లు కొట్టాడు. గిజెలా గారు కిందపడ్డ మూట తీసుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. తను అక్కడుంటే ఇంకా కొడతారనుకుందేమో. మామయ్య ఎముక వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత ఆయన ఒక్క గీతా తిన్నగా గీయలేకపోయాడు.

కంచెలో పెట్టినవాళ్ళని రైళ్ళెక్కించి, తూర్పున నదికి అవతలి పల్లెలకి తోలేశారు. యుద్ధం చివర్లో త్సిలా అనే ఆవిడ అక్కణ్ణుంచి ప్రాణాలతో తిరిగొచ్చింది. మమ్మల్ని వెతుక్కుంటూ మా ఇంటికొచ్చింది. గిజెలా గారూ తనూ ఒక పల్లెలో ఒకే పందుల కొట్టంలో ఉన్నారట. ఆ చలికాలంలోనే విషజ్వరంతో గిజెలా గారు పోయింది.

"నన్ను నాట్యానికి తీసుకెళ్ళినట్టు చెయ్యందించి తీసుకొచ్చాడే అని ఒకటే చెప్పేది" అంది త్సిలా.

"గలాం అంటే నువ్వే మామయ్యా" అన్నాను నేను, ఆయన సంతోషిస్తాడనుకుని.

మామయ్య ముఖం ఎర్రబడింది. "నోర్ముయ్! నేనేం చేశాను? కంచె దాకా జాగ్రత్తగా నడిపించి వాళ్ళకి అప్పజెప్పి వచ్చాను. మా అటక ఖాళీగా ఉంది ఆ రోజు. అక్కడ దాచొచ్చని తోచిందా నాకు? చెయ్యందించడం తోచింది!"

తర్వాత త్సిలా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఆ పల్లె పేరేంటమ్మా?" అని అడిగాడు.

మరుసటి వేసవిలో ఒక్కడే బయలుదేరి వెళ్ళాడు. కొంతదూరం రైలు, కొంతదూరం బండి. ఐదో రోజు తిరిగొచ్చాడు. బూట్ల నిండా మట్టి. చనిపోయినవాళ్ళని పూడ్చిన గొయ్యి ఎక్కడో అక్కడెవరూ సరిగ్గా చూపించలేదట. బీటు దుంపల చేలోనే ఎక్కడో అంటే, ఆ చేను మొత్తం నడిచి వచ్చాడట. బల్ల దగ్గర కూర్చుని, "ఆకలేస్తోందే, ఏముందో పెట్టు" అన్నాడు. మొక్కజొన్న సంకటి, పెరుగు పెట్టాను. ఎడం చేత్తో మెల్లగా అంతా తిన్నాడు.