తిప్పి చూడమన్న చప్పుడు

దయ్యాల కబుర్లు మొదలైతే నవ్వి లేచి వెళ్లిపోయే రకం నేను. ఫలానా వార్డులో ఎవరో నడిచారని నర్సులు చెప్పుకుంటుంటే, "జీతం అడగని స్టాఫు కదా, డ్యూటీ వేసేయండి" అని ఏడిపించేదాన్ని. ఇరవై ఏళ్లుగా మనుషుల ఛాతీ లోపల ఏముందో చూస్తున్నాను. ఊపిరితిత్తులుంటాయి, గుండె ఉంటుంది, ఒక్కోసారి చీము ఉంటుంది. అంతకుమించి నాకేమీ కనపడలేదు. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇది పట్టపగలు, ఆరుగురి మధ్య, నా చేతులు పనిలో ఉండగా జరిగింది.

నేను విజయవాడలో ఛాతీ సర్జన్ని. ఆ మాట అనగానే "గుండె డాక్టరా?" అంటారు. కాదండీ, గుండెకి అటూ ఇటూ ఉన్నవి నావి. టీబీ వచ్చి తగ్గినవాళ్లకి ఊపిరితిత్తి చుట్టూ బిగుసుకుపోయిన పొరని ఒలవడం, కేన్సర్ పట్టిన భాగాన్ని తీసేయడం, ఛాతీలో చేరిన చీముకో గాలికో గొట్టం వేసి దారి చూపించడం, ఇవీ నా రోజువారీ పనులు.

ఊపిరితిత్తి మీద ఏ కోత పెట్టినా చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. ఛాతీలో సెలైన్ పోస్తాం. మత్తు డాక్టరు ఊపిరితిత్తిలోకి మెల్లగా గాలి పంపిస్తారు. బుడగలు వస్తే ఇంకా చిల్లు ఉన్నట్టు. చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్ గారు మొదటిసారి ఇది చూపిస్తే అందరూ బుద్ధిగా నోట్సు రాసుకున్నారు, నాకు మాత్రం నవ్వు ఆగలేదు. ఆ విద్య నాకు ఎనిమిదేళ్లప్పుడే వచ్చు. మా నాన్న మరియదాసు, గుణదలలో ఏలూరు కాలువ గట్టు మీద సైకిళ్లకి పంక్చర్లు వేసేవాడు.

బడి వదలగానే నేను ఆయన నీళ్ల తొట్టి దగ్గరే కూర్చునేదాన్ని. ఒకసారి నాన్న, పాలాయన సైకిలు ట్యూబు నా చేతికిచ్చాడు. ముంచాను, బుడగ కనపడింది, గంతులేశాను, ప్యాచీ వేసి ఇచ్చేశాను. అరగంటకి పాలాయన క్యాన్లు మోసే సైకిలుని తోసుకుంటూ తిరిగొచ్చాడు. తుమ్మముల్లు ట్యూబుని ఇటు నుంచి అటు పొడిచింది. నేను ఒక చిల్లే మూశాను. నాన్న తిట్టలేదు. "చిల్లు దొరికిందని సంబరపడకూడదమ్మా. ఒకటి దొరికితే రెండోది ఉందనుకో. తిప్పి చూడు" అన్నాడు.

ఆ తర్వాత నేను ప్యాచీ వేసిన ప్రతిసారీ ఆయన టైరు విప్పే ఇనప లీవరుతో తొట్టి అంచు మీద కొట్టేవాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. పళ్ల మధ్య వాల్వు ట్యూబు పెట్టుకుని ఉంటాడు కాబట్టి మాట్లాడే వీలుండదు. తిప్పి చూడమని దానర్థం. నేను పీజీ సీటు తెచ్చుకున్నప్పుడు కూడా వీధి అంతా వినేలా అలాగే కొట్టాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. తొట్టి, లీవరు అన్నీ పాత ఇనుముకి వెళ్లిపోయాయి.

ఇక ఆ రోజు సంగతి. పేషెంటు పేరు సుబ్బారాయుడు, నలభై రెండేళ్లు. కూచిపూడి దగ్గర పల్లెటూరు. సన్నాయి వాయిస్తారు. ఊపిరితిత్తి మీద పొక్కులా లేచిన బలహీనమైన బుడగ ఒకటి పగిలి, గాలి ఛాతీలోకి చేరి, ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. ఒకే ఏడాదిలో రెండోసారి. ఇంకో డాక్టరు సన్నాయి పక్కన పెట్టేయమన్నారట.

ఆపరేషన్ ముందురోజు ఆయన నన్ను ప్రాణం సంగతి అడగలేదు. "మళ్లీ ఊదగలనా అండీ?" అనే అడిగారు. మాటివ్వలేనన్నాను. పక్కనున్న భార్య నాగమణి గారు, "పెళ్లిలో నన్ను చూసిందానికన్నా ఆ సన్నాయిని చూసిందే ఎక్కువండీ ఈయన. అది లేకపోతే మనిషి మిగలడు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్లు తుడుచుకున్నారు.

పక్కటెముకల మధ్య మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చేసే ఆపరేషన్ అది. స్కానులో కనపడిన బుడగ ఊపిరితిత్తి కొన మీదే ఉంది. దాన్ని కత్తిరించి కుట్టేశాను. సెలైన్ పోయించాను. మత్తు డాక్టరు రెహమాన్ గారు గాలి పంపించారు. టీవీలో చూస్తే నీళ్లలోంచి ఒక్క బుడగా లేవలేదు. పావు తక్కువ పన్నెండయింది. "సూపర్, మూసేద్దాం" అన్నాను. అవును, సంబరపడ్డాను.

అప్పుడు వినపడింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి.

ఆపరేషన్ థియేటర్లో ఉండేదంతా స్టీలు. ఏది తగిలినా ఖంగుమంటుంది. ఇది అలా లేదు. నీళ్లున్న ఇనప తొట్టిని కొడితే వచ్చే మొద్దు చప్పుడు. నా కుడి భుజం వెనకనుంచి వచ్చింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. ఎవరు కొట్టారని అడిగాను. ఎవరూ కొట్టలేదన్నారు. రెహమాన్ గారికి అసలేమీ వినపడలేదట. నాకు ఎదురుగా పనిముట్లు అందిస్తున్న సిస్టర్ కరుణ మాత్రం నాకన్నా ముందే ఆ గోడ వైపు చూస్తోంది.

నాకు భయం వేయలేదు. ఎనిమిదేళ్ల పిల్లనైపోయి, చెప్పిన పని చేశాను. ఊపిరితిత్తిని తిప్పాను. కింది భాగం వెనకవైపుని నీళ్లలోకి నొక్కిపట్టి మళ్లీ గాలి పంపమన్నాను. సన్నగా, వరసగా బుడగలు లేచాయి. స్కానులో దొరకని రెండో చిల్లు. అలాగే మూసేసి ఉంటే ఆయనకి గాలి కారుతూనే ఉండేది, ఇంకో ఆపరేషన్ పడేది, సన్నాయి సంగతి ఇక మర్చిపోవాల్సిందే. దాన్నీ కుట్టాను. ఆ తర్వాత నాలుగు వైపులా తిప్పి చూశాను.

మధ్యాహ్నం క్యాంటీన్లో కరుణని ఏం విన్నావని అడిగాను. నేను విన్నది చెప్పలేదు. ఆ అమ్మాయి మా ఆసుపత్రికి వచ్చి రెండేళ్లు. మా నాన్నని చూడలేదు, ఆయన ఏం పని చేసేవాడో కూడా తెలియదు. టీ గ్లాసు పక్కన పెట్టి వేలి కణుపుతో బల్ల మీద కొట్టి చూపించింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. నా చేతిలో సమోసా అలాగే ఉండిపోయింది.

ఏసీ గొట్టాలు చూపించాను, ఏ లోపమూ లేదన్నారు. గోడకి అవతల ఖాళీ స్టోరు, ఆ పూట తాళం వేసి ఉంది. ఆపరేషన్ వీడియో ఉంది గానీ అందులో చప్పుళ్లు రికార్డు కావు. నా మనసే నాన్నని గుర్తు చేసిందనుకుందామా అంటే, కరుణ చెవుల్లోకి నా మనసు ఎలా వెళ్తుంది?

మూడో రోజు సుబ్బారాయుడు గారి ఛాతీలో వేసిన గొట్టం తీసేశాను. నెలల తరబడి ఊపిరి వ్యాయామాలు చేయించాను. అన్ని పరీక్షలూ బాగున్నాక, కొద్దికొద్దిగా మొదలుపెట్టమన్నాను. ఒకరోజు నాగమణి గారు ఫోన్ చేశారు. "మేడం గారూ, రేపు గుళ్లో కల్యాణానికి వాయిస్తారంటండీ. మీరొస్తే గానీ సన్నాయి ముట్టుకోనని భీష్మించుక్కూర్చున్నారు."

వెళ్లాను. మొదటి వరసలో కుర్చీ వేశారు. ఆయన సన్నాయి ఎత్తి ఒకే స్వరం పట్టుకున్నారు. అది సాగింది, సాగింది, ఇంకా సాగింది. పక్కన నాగమణి గారు ఊపిరి బిగబట్టేశారు. డోలు ఆయన నవ్వుతూ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ స్వరం ఎక్కడా వణకలేదు, ఎక్కడా తెగలేదు. ఆయన వదిలేసరికి జనం చప్పట్లు కొట్టారు. యాభై దాటిన డాక్టరమ్మని, పట్టుచీర కట్టుకున్నదాన్ని, నేను మాత్రం రెండు వేళ్లు నోట్లో పెట్టి కాలువ గట్టు ఈల వేశాను. నా జీవితంలో ఇంత గర్వపడ్డ రోజు లేదు.

ఇప్పుడు మా థియేటర్లో ఒక అలవాటుంది. బుడగలు ఆగిపోయాయని నేను అనగానే కరుణ పనిముట్ల ట్రే మీద కొడుతుంది. రెండు, కాస్త ఆగి ఇంకొకటి. నేను ఊపిరితిత్తిని తిప్పుతాను. కొత్తగా వచ్చిన డాక్టర్లు ఇది ఏ పుస్తకంలో ఉంది మేడం అని అడుగుతుంటారు. గుణదలలో నేర్చుకున్నానని చెబుతాను.

మొదటిసారి కొట్టిందెవరని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే ఇంతే చెబుతాను. తిప్పి చూడమన్నారు, చూశాను.