బస్సాయన గంగాస్నానం

మిర్చికి ధర పడిపోతే మా నరసరావుపేటలో ముందు మూతపడేవి మిర్చి కొట్లు కావు. చీరల కొట్టు, ఫొటో స్టూడియో, మిఠాయి దుకాణం. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే ఇంకెవరి చేతిలోనూ ఆడదు. జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని, ఈ సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా వీధి చివరి మ్యాచింగ్ సెంటర్ తీసేసిన రోజు ఏడ్చినంత పని చేశాను. నిజంగా ఏడ్చింది మాత్రం మా యాత్రల బస్సు ఆగిపోతోందని విన్న రోజు.

అది ఒకే ఒక్క బస్సున్న కంపెనీ. దాని ఓనరు ఊళ్లో అందరికీ బస్సాయన, నాకు బాబాయ్. రక్తసంబంధం ఏమీ లేదు, ఏడాదికోసారి ఆయన బస్సెక్కి కాశీకో రామేశ్వరానికో పోవడమే మా చుట్టరికం. పెద్ద ట్రావెల్స్ వాళ్లు ఏసీ ఇస్తారు, నీళ్ల సీసా ఇస్తారు, గొప్పే! మా బస్సాయన గోంగూర జాడీ, గ్యాస్ పొయ్యి, వంటమనిషిని ఎక్కించుకుని బయల్దేరేవాడు. నాగ్‌పూర్ దాటాక ఏ చెట్టు కిందో బస్సాపి వేడివేడి అన్నం, పప్పు వడ్డిస్తుంటే, పక్క బస్సులవాళ్లు బిస్కెట్లు నములుతూ మా విస్తళ్ల వైపు చూసేవాళ్లు. వాళ్లు చూస్తుంటే నేను కావాలనే రెండు ముద్దలు ఎక్కువ తినేదాన్ని.

అంతమందిని గంగకు తీసుకెళ్లిన మనిషి తాను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ మునగలేదు. కాశీలో బస్సు ఘాట్‌కు దూరంగా ఆపాలి. గొలుసులు, ఫోన్లు తీసి ఆయన చేతికిచ్చి మేం స్నానాలకు వెళ్లేవాళ్లం. "మీరు పోయి రండమ్మా, సామాను నేను చూసుకుంటా" అని బస్సు మెట్టు మీద కూర్చునేవాడు. తిరిగొచ్చేసరికి కాఫీ తయారుగా ఉండేది. మాకూ అది అలవాటైపోయింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆయనకూ మునగాలని ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఈమధ్య రెండేళ్లు సీట్లు నిండలేదు. ఎవరిని అడిగినా "పంట అమ్ముడుపోనీ, వచ్చే ఏడు తప్పకుండా వస్తాం" అనేవాళ్లు. చివరికి ఆయనే ఫోన్ చేసి చెప్పాడు, కాశీకి ఇదే ఆఖరు ట్రిప్పని, రాగానే బస్సు అమ్మేస్తానని. మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరాను. బస్సెక్కినప్పటి నుంచీ నాకు ఒకటే పట్టుదల, ఈసారి ఆయన మునగాల్సిందే.

కాశీలో పొద్దున్నే మా స్నానాలయ్యాయి. బస్సు దగ్గరికొచ్చి కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాను.

"బాబాయ్, ఇప్పుడు నువ్వు పో."

"నాకెందుకులే అమ్మాయ్. సామాను ఎవరు చూస్తారు?"

"ఏంది, మేం మనుషులం కాదా?"

"అది కాదమ్మా, ఇది నా పని."

"ఏం పని? రేపు బస్సే ఉండదు. అప్పుడు మునగాలనిపిస్తే గంగ మన పేటకు వచ్చుద్దా?"

నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. ఆయన మొహం చిన్నబోయింది. నాలుక కరుచుకున్నాను కానీ వెనక్కి తగ్గలేదు, తువ్వాలు తెచ్చి ఆయన భుజాన వేశాను. మిగతావాళ్లు బస్సు చుట్టూ చాపలు పరుచుకుని కూర్చున్నారు, ఒక్కరూ బజారు వైపు పోలేదు. ఆయన పదడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఆ డిక్కీ తాళం సరిగ్గా పడదు, చూసుకోండి" అని చెప్పి ఆటో ఎక్కాడు.

గంటయింది, రాలేదు. గంటన్నరయింది. అరవై దాటిన మనిషి, పైగా నాచు పట్టిన మెట్లు. తరిమింది నేనే కదా! ఇంకో ఆటో పట్టుకుని, మేమెప్పుడూ దిగే ఘాట్‌కు పరుగెత్తాను.

ఆయన నడుంలోతు నీళ్లలో ఉన్నాడు. ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ల పేరున ఒక్కో మునక వేయడం మా అందరికీ ఉన్న అలవాటే. ఈయన మాత్రం ఆపడం లేదు. "ఈపూరు అక్కయ్య" అని ముక్కు మూసుకుని మునిగాడు. "మాచవరం మాస్టారు" అని మళ్లీ. "మాస్టారి భార్య" అని మళ్లీ. "గురజాల తోడికోడళ్లు" అని రెండు. వచ్చే ఏడు వస్తామని మాటిచ్చినవాళ్లు ఆయనకు సీట్ల వరుసలో గుర్తున్నట్టున్నారు.

పక్క మెట్టు మీద చీర పిండుకుంటున్న ఒకావిడ, మాటను బట్టి కృష్ణకు అవతలి మనిషి, నన్నడిగింది. "ఇంట్ల ఎవలన్న పోయిండ్రా అక్కా? గన్ని మునకలేస్తుండు."

"ఎవరూ పోలేదమ్మా. ఆయన మా ఊరి యాత్రల బస్సు ఓనరు. కంపెనీ మూసేస్తున్నాడు. వాళ్లంతా ఆయన ఇంక తీసుకురాలేని ప్యాసింజర్లు."

అంటుంటే నాకు కళ్లనీళ్లు కారిపోయాయి, గొంతు మాత్రం తగ్గలేదు. మా ఊరి గురించి అంత గర్వంగా నేనెప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పుడు నన్ను చూశాడాయన. "ఏందమ్మాయ్, నువ్విక్కడున్నావ్? బస్సు దగ్గర ఎవరున్నారు?"

"అందరూ ఉన్నారు. నీ పేరున మునిగావా?"

"ఎక్కడ, ఇంకా చానామంది ఉంటే! నా వంతు రాలా."

"ముందు నీది కానియ్ బాబాయ్!" అని ఘాటంతా వినబడేలా అరిచాను.

ఆయన ముక్కు మూసుకుని, ఈసారి ఎవరి పేరూ చెప్పకుండా మునిగాడు.