మెయిల్‌లో వచ్చే జవాబులు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్ ఆఫీసులో మెయిల్ తప్ప ఇంటర్నెట్‌లో ఏదీ తెరుచుకోదు. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చిపోవాలి. ఎల్‌బీ నగర్ నుంచి బస్సులో వచ్చే గుమాస్తా యోగేందర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక చిరునామాకు ప్రశ్న రాసి పంపితే, నెట్‌లో వెతికిన ఫలితాలు తిరుగు మెయిల్‌లో వస్తాయి.

అప్పటినుంచి ఆఫీసంతా అతని కుర్చీ చుట్టే. ఒకరికి చుండ్రు మందు కావాలి, ఇంకొకరికి పక్కింటివాళ్ల మీద కేసు పెట్టే దారి కావాలి.

"మీ రోతంతా నా పేరు మీదనే పోతున్నది," అని తిట్టుకుంటూనే పంపేవాడు.

ఇంటర్నెట్ బంద్ చేయించిన మేనేజర్ మల్లికార్జునరావు కూడా బట్టతల గురించి మూడుసార్లు వెతికించి, జవాబులు తన మెయిల్‌కు పంపించుకున్నాడు. నిన్న మళ్లీ వచ్చాడు.

"ఒక నోటీసు నమూనా తెప్పించవయ్యా."

"దేనికి సార్?"

"ఆఫీసు మెయిల్‌ని సొంత పనులకి వాడేవాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి."

యోగేందర్ ప్రశ్న టైపు చేసి పంపాడు. నమూనా రాగానే ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాడు.

"పేరు కాడ ఖాళీ ఉంది సార్. మీ బట్టతల మెయిల్‌లు మూడూ ఇంకా ఇందులనే ఉన్నయి. ఇప్పుడు చెప్పుండ్రి, ఎవరి పేరు రాయాలె?"